హాజరు పట్టీ

అకితా కొండల్లో మా ఊరి కార్యాలయం, రెండో అంతస్తు.
కిరోసిన్ పొయ్యి మీద కెటిల్
మూత ఎగరేసుకుంటూ, దాని గోల దానిది.
మంచు కిటికీ సగందాకా ఎక్కింది.
చర్చించాల్సింది ఒక్కటే: నీటి పన్ను.
గొట్టాలు వేసి యాభై రెండేళ్లు.

కోట్లు ఎనిమిదే దొరికాయి.
పసుపుపచ్చవి, పోయిన వేసవి జాతరవి,
వీపు మీద మూతపడ్డ సాకే కొట్టు పేరు.
అవి తొడుక్కున్నవాళ్లు
అరవై ఏళ్ల తర్వాతి మనుషులు.
"ఉండబోతాం" అనకూడదు,
"ఉన్నాం" అనాలి. అదీ నిబంధన.

మినిట్స్ రాసేది నేను.
నా పట్టీలో మూడు గళ్లు:
పేరు, చిరునామా, వయసు.

నాలుగో కుర్చీలో కినుయో గారు.
ఎనభై ఒకటి. నిరుడు దాకా తోఫు అమ్మింది.
కోటు చేతులు వేళ్లు దాటి వేలాడుతున్నాయి.
"ఇప్పుడు నాకెన్నేళ్లని రాసుకుంటావు, నాయనా?"
పెన్ను ఆగింది.
అరవై కలపాలా, తీసెయ్యాలా?
లెక్కల్లో నేనెప్పుడూ ఇంతే.

గొట్టాల మేస్త్రీ షిగేమత్సు అన్నాడు:
"నీళ్లొస్తాయి లెండి. ఇన్నాళ్లూ రాలేదా?"
అలాగే రాశాను.
రాశాక ఆ మాట దగ్గరే చిక్కుకున్నాను.
రోజూ వచ్చేదానికీ
రేపు రావలసినదానికీ
మా నోట ఒకటే మాట: వస్తాయి.
ఏది చెప్పాడో అతనికి తెలుసా?

కోటు లేని వరసలోంచి రియోహేయి లేచాడు.
భుజం మీద చంటిది నిద్రపోతోంది.
"పాలడబ్బా ధర చూశారా?
డైపర్లు, కిరోసిన్, ఇక నీళ్లు కూడానా?
పుట్టనివాళ్ల సంగతి సరే,
పుట్టిన దీని సంగతి చెప్పండి."
ఎవరూ నవ్వలేదు.
అతనన్నది తప్పూ కాదు.

కినుయో గారు లేవలేదు, కూర్చునే అంది:
"ఆ పిల్ల నాకు తెలుసు.
మా వీధి చివరింట్లో ఉంటుంది. అరవై నిండాయి.
తెల్లారకముందే బకెట్ పట్టుకుని
నీళ్ల లారీకి నా ముందు నిలబడుతుంది.
నడుము నొప్పి.
మీకు చెప్పలేదా?"

కెటిల్ ఒక్కటే మాట్లాడింది కాసేపు.
రియోహేయి చంటిదాన్ని
ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చాడు.

చేతులెత్తమన్నారు.
పసుపు చేతులు ఎనిమిదీ లేచాయి.
లెక్కపెట్టబోతే అధ్యక్షుడు దగ్గాడు:
నివాసుల జాబితాలో లేనివాళ్లకి ఓటు లేదు,
కోట్లు విప్పి ఎత్తండి.
విప్పారు.
ఈసారి ఆ ఎనిమిదిలో నాలుగే లేచాయి.
కినుయో గారిది సగం లేచింది,
జుట్టు సర్దుకోవడానికన్నట్టు, చెవి దాకా.
నేను దాన్ని లెక్కపెట్టాను.
పద్నాలుగు, పదమూడు.

తూర్పు వీధుల గొట్టాలు మార్చాలని తీర్మానం.
పడమటి వీధులు వచ్చే సమావేశానికి వాయిదా.
మెట్లు దిగుతూ రెయిలింగ్ పట్టుకుని అడిగింది:
"నాకు నెలకెంత పెరుగుతుంది?"
"నాలుగు వందల యెన్లు."
"అమ్మో," అంది, "ఏ ముసల్ది ఒప్పుకుందీ దీనికి?"
నవ్వుతోందనుకున్నాను.
నవ్వడం లేదు.

అందరూ వెళ్లాక కోట్లు మడిచి అట్టపెట్టెలో సర్దాను.
ఒకదాని జేబులో కమలా తొక్క.
గడ్డకట్టకుండా కుళాయి సన్నగా వదిలాను.
చుక్క, ఇంకాసేపటికి ఇంకో చుక్క.
పట్టీ మూయబోతూ గుర్తొచ్చింది:
రెండు గంటలు ఈ గదిలోనే ఉండి
దీంట్లోకెక్కని మనిషి ఒకరున్నారు.

అడుగున కొత్త గీత గీశాను.
పేరు: అడగడం మరిచాను.
చిరునామా: వీధి చివరిల్లు.
వయసు గడిలో ఐదు నెలలని రాసి,
చాలాసేపు చూసి,
పక్కనే చిన్న అక్షరాల్లో
నడుము నొప్పి, అని రాశాను.